ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఆఫ్‌రోడ్ బండి వాడేవాళ్లకి: ఇంకా ఏం ఉంటే బాగుండు అనిపిస్తోంది?

నాలుగుచక్రాలు:

అందరికీ నమస్కారం. బండి కొని రెండేళ్లు దాటింది, 41 వేల కిలోమీటర్లు తిరిగాను. మొన్న కంపెనీ నుంచి ఓనర్లందరికీ ఒక ఫారం వచ్చింది. కొత్తగా ఏ ఫీచర్లు కావాలో రాయమని ఐదు గడులు ఇచ్చారు. కూర్చుని రాస్తే నాకు పద్దెనిమిది తేలాయి. వాళ్లు చదివేది ఎలాగూ మొదటి రెండే కాబట్టి, ఏవి ముందు పెట్టాలో మీరు చెప్తారని ఇక్కడ రాస్తున్నా.

బండి పేరు రాయను. రాస్తే సగం మంది ఆ పేరు పట్టుకుని కొట్టుకుంటారు, అసలు సంగతి పక్కకు పోతుంది. వివరాలు చాలు: రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మోటార్, వెనక సీటు కింద 17 యూనిట్ల బ్యాటరీ, లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేర్లు), ముందూ వెనకా డిఫ్ లాకులు (రెండు పక్కల చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి). ఒక్క కరెంటు మీదే అయితే రోడ్డు మీద 30 చిల్లర కిలోమీటర్లు వస్తుంది. రాళ్లలో కిలోమీటర్ల లెక్క పనికిరాదు, అక్కడ గంటల్లో చెప్పుకోవాలి.

బండి మీద నాకు కోపం లేదు, ముందే చెప్తున్నా. మోటార్‌తో రాయి ఎక్కించడం ఒకసారి అలవాటైతే మళ్లీ ఇంజన్‌తో ఎక్కించబుద్ధి కాదు. రేస్ చేసి, క్లచ్ వాసన పీల్చి, ఒక్క ఊపున ఎగిరిపడే గోల ఉండదు. పాదం అరంగుళం నొక్కితే టైరు అరంగుళం కదులుతుంది. చప్పుడు లేదు కాబట్టి టైరు కింద గులకరాయి నలగడం కూడా వినిపిస్తుంది. ఇంత చక్కటి బండిలో నాకు కడుపుమండేది ఒక్కటే. బ్యాటరీ ఎప్పుడు వాడాలి, ఇంజన్ ఎప్పుడు లేవాలి అనేది బండే తేల్చేసుకుంటుంది, నాకు చెప్పదు.

పోయిన నెల ఎండిపోయిన వాగులో పైకి వెళ్తున్నాం. ఎలక్ట్రిక్ మోడ్, లో రేంజ్, ఛార్జ్ 38 శాతం. ఎడమ ముందు టైరు నున్నటి బండ మీద ఉంది, కుడి వెనక టైరు బెత్తెడు గాల్లోకి లేచింది. ముందు నిలబడ్డ ఫ్రెండ్ ఆ గుంతలో రెండు రాళ్లు సర్ది, చేత్తో కొంచెం, ఇంకొంచెం అని సైగ చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడు ఇంజన్ లేచింది. నేను పెడల్ గట్టిగా తొక్కలేదు, మోడ్ మార్చలేదు. ఒక చిన్న కుదుపు, అంతే. ఆ కుదుపుకే టైరు బండ మీంచి జారి, బండి పక్కకు ఒరిగి, డోరు కింది ఇనప పట్టీ రాయి మీద కూర్చుంది. పట్టీ మీద జానెడు గీత పడింది. అది ఉన్నదే అందుకు, దాని గురించి బాధ లేదు. ఫ్రెండ్ ఒక అడుగు దగ్గరగా నిలబడి ఉంటే ఏమయ్యేదో అన్నదే నా టెన్షన్. తర్వాత చూస్తే స్క్రీన్ మూల చిన్న అక్షరాల్లో "ఎలక్ట్రిక్ మోడ్ తాత్కాలికంగా అందుబాటులో లేదు" అని ఉంది. ఎందుకు లేదో చెప్పే పాపాన పోలేదు.

అందుకే నా మొదటి కోరిక: లో రేంజ్‌లో ఉన్నంతసేపూ నన్ను అడక్కుండా ఇంజన్ లేవకూడదు.

రెండోది 12 వోల్ట్ బ్యాటరీ. రాత్రి క్యాంపులో ఫ్రిజ్‌ని వెనక 12 వోల్ట్ సాకెట్‌కి పెట్టి పడుకున్నా. తెల్లారి లేచి రిమోట్ నొక్కితే డోరు తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 71 శాతం ఉంది, రాత్రి పడుకునే ముందు కళ్లారా చూశాను. చిన్న బ్యాటరీ డౌన్. పెద్ద బ్యాటరీని బండికి కలిపే కాంటాక్టర్లు పడాలంటే ఆ చిన్నదే కరెంటు ఇవ్వాలట. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, 12 యూనిట్లు కడుపులో పెట్టుకుని బండి మొద్దులా నిలబడింది. రిమోట్‌లో దాచిన తాళంచెవితో డ్రైవర్ డోరు తీశా. జంపర్ కేబుల్స్ డిక్కీలో ఉన్నాయి. డిక్కీ లాక్ కరెంటుది! వెనక సీటు మడిచి, ఫ్రిజ్ మీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి కేబుల్స్ లాగాల్సి వచ్చింది. పక్క బండి నుంచి తగిలించిన నిమిషంలో కింద ఎక్కడో టక్‌మని చప్పుడు, స్క్రీన్ వెలిగింది. 71 శాతం. ఏమీ జరగనట్టు.

పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని నిండుగా ఉంచే కన్వర్టర్ బండిలో ముందే ఉంది. బండి ఆన్‌లో ఉంటేనో, ఛార్జింగ్‌కి పెడితేనో మాత్రమే అది పనిచేస్తుంది. ఆగి ఉన్నప్పుడు కూడా చిన్నది తగ్గిపోతుంటే తనే లేచి కాసేపు నింపితే సరిపోతుంది. హ్యుందాయ్, కియా ఎలక్ట్రిక్ కార్లలో ఈ పద్ధతి ఉంది, కాబట్టి చేయలేని పనేం కాదు.

మూడోది, ఛార్జ్ దాచుకునే శాతం నేనే పెట్టుకోవాలి. ఇప్పుడున్నది "దాచు" లేదా "నింపు", రెండే. దాచు అంటే ఇప్పుడు ఎంత ఉంటే అంత. నింపు అంటే తన ఇష్టం వచ్చినంత, పైగా ఇంజన్‌తో బ్యాటరీ నింపితే పెట్రోల్ కళ్లముందే కరిగిపోతుంది. నాకు కావలసింది ఇంకోటి. హైవే మీద బయల్దేరేటప్పుడు 60 అని పెడతా. 60 దాకా హాయిగా వాడుకో, అక్కడ ఆగు, మిగతాది మట్టిరోడ్డు మొదలయ్యాక నాకివ్వు. ఇది ఉన్న బండ్లు ఇప్పటికే రోడ్డు మీద ఉన్నాయి.

మిగతావన్నీ చిన్నవి. క్యాంపులో సరైన సాకెట్, ఛార్జ్ 80 దగ్గర ఆపే వీలు, టైర్లలో గాలి తగ్గించినప్పుడు రోజంతా మొత్తుకునే ఆ పసుపు లైటుకి కాసేపు సెలవు, గ్లవ్స్ వేసుకున్నా నొక్కగలిగే బటన్లు... చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. మీ మాటేంటి?

మట్టిదారి:

నాలుగుచక్రాలు గారూ, డిక్కీ కథ చదివి నవ్వాను, ఏమీ అనుకోకండి. మావారు కూడా అచ్చం అలాగే ఫ్రిజ్ మీద బోర్లా పడుకున్నారు. మాకు ఫ్రిజ్ కాదు, కెమెరా. పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేసే డ్యాష్‌క్యామ్ పెట్టుకున్నాం, నాలుగు రోజులు బండి తీయలేదు.

నా కోరిక చూస్తే మీకు చిన్నదిగా అనిపిస్తుంది. ఛార్జింగ్ పోర్ట్ మూత. ముందు చక్రానికి కాస్త వెనక, పక్కన ఉంటుంది కదా. బురద సరిగ్గా ఎక్కడికి ఎగురుతుందో కొలిచి మరీ అక్కడ పెట్టినట్టుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు నీళ్లని ఆపుతుంది కానీ సన్నటి దుమ్ముని ఆపదు. ఆ దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే లోపల పేస్ట్ తయారు. పోయినసారి ప్లగ్ పెడితే సగం దాకా వెళ్లి ఆగింది. గట్టిగా నొక్కితే పిన్ వంగుతుందేమోనని భయం. బండి ఆఫ్ చేసి, టార్చి నోట్లో పెట్టుకుని, ఎండిన టూత్‌బ్రష్‌తో ఒక్కో రంధ్రం చుట్టూ గీకాను. ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటినుంచి ఆ బ్రష్ గ్లవ్ బాక్స్‌లోనే ఉంటుంది.

లోపల ఒక చిన్న లైటు, మూతకి రెండో రబ్బరు, పోర్ట్ అడుగున నీళ్లు బయటికి పోయే సరైన దారి. ఇంతే అడుగుతున్నా. వీలైతే పోర్ట్‌ని ఇంకో జానెడు పైకి జరపమనండి, అది ఎలాగూ కొత్త మోడల్‌కి గానీ అవ్వదు.

ఇంకొకటి. ఎలక్ట్రిక్ మోడ్‌లో నెమ్మదిగా వెళ్తుంటే బండి బయటికి ఒక ఊఁ అనే శబ్దం చేస్తుంది, నడిచేవాళ్లకి వినిపించాలని. అడవిలో పక్షుల్ని చూద్దామని చప్పుడు లేని బండి కొనుక్కుంటే, బండే గాత్ర సాధన చేస్తోంది. అడవి దారిలో దాన్ని ఆపే స్విచ్ కావాలి.

పాతడీజిల్:

అన్నా, పద్దెనిమిది కోరికలున్న బండి కంటే కోరికల్లేని డీజిల్ బండి మేలు కదా. నాది పదహారేళ్ల బండి, దానికున్న సాఫ్ట్‌వేర్ అల్లా నేనే.

వోల్టేజ్_వీర:

పాతడీజిల్ అన్నకి దణ్ణం పెట్టి, అసలు విషయానికొస్తా. నేను పని చేసేది మోటార్ డ్రైవ్‌ల మీద. కార్లవి కాదు, ఫ్యాక్టరీవి. సూత్రం ఒకటే కాబట్టి చెప్తున్నా.

నాలుగుచక్రాలు గారూ, ఆ బండ మీద ఫ్రెండ్ రాళ్లు సర్దుతున్నంతసేపూ బండిని ఎలా ఆపారు? బ్రేక్ మీదా, యాక్సిలరేటర్ మీదా? పెడల్ కొంచెం నొక్కిపెట్టి మోటార్ బలంతోనే నిలబెట్టి ఉంటే మీ ఇంజన్ ఎందుకు లేచిందో నాకు అర్థమైనట్టే.

మోటార్ తిరుగుతున్నప్పుడు కరెంటు మూడు ఫేజుల్లో వంతులవారీగా పోతుంది, వేడి కూడా మూడిటికీ పంచబడుతుంది. తిరగకుండా బిగబట్టి నిలబడితే వంతులు మారవు. ఏ ఫేజు మీద ఆగిందో దాని మీదే భారమంతా. బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌లో ఆ ఒక్క జత స్విచ్‌లే కాలుతుంటాయి. బయట చల్లగా ఉన్నా, మోటార్ మొత్తం మీద వేడెక్కకపోయినా, ఆ ఒక్కచోట వేడి సెకన్లలో పెరుగుతుంది. పైగా మీరు చెప్పిన అమరికలో టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్ బండ్లలో ఆయిల్ ద్వారా బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండకపోవచ్చు. దాని బదులు గేర్‌బాక్స్ లోపలి క్లచ్ జారుతూ ఆ పని చేస్తుంది. అప్పుడు మోటార్ తిరుగుతుంది కానీ క్లచ్ వేడెక్కుతుంది. రెండిట్లో ఏది జరిగినా కంప్యూటర్ మోటార్‌కి విశ్రాంతి ఇచ్చి ఇంజన్‌ని లేపుతుంది.

కాబట్టి "అడక్కుండా ఇంజన్ లేవకూడదు" అని రాస్తే కంపెనీ ఇంజనీర్ నవ్వి పక్కన పెడతాడు. లేపకపోతే మోటార్ బలం తగ్గించాలి, మీరు వెనక్కి జారతారు. అది ఇంకా ప్రమాదం. అడగాల్సింది వేడి చూపించమని. ఇన్వర్టర్, మోటార్, గేర్‌బాక్స్ ఆయిల్, బ్యాటరీ, నాలుగిటి వేడీ ఆఫ్‌రోడ్ స్క్రీన్ మీద నాలుగు గీతలుగా. ఈ సెన్సర్లన్నీ బండిలో ఇప్పటికే ఉన్నాయి, లేకపోతే కంప్యూటర్ ఆ నిర్ణయమే తీసుకోలేదు. మనకి చూపించడానికి ఏమొచ్చింది? నీళ్ల వేడికి ముల్లు పెట్టినవాళ్లు దీనికి పెట్టలేరా? గీత ఎర్రగా మారుతుంటే మీరే బ్రేక్ తొక్కి, పెడల్ వదిలేసి, చల్లారాక కదుల్తారు.

80 శాతం దగ్గర ఆపమన్న కోరికని మాత్రం "చిన్నది" అన్న లెక్కలోంచి తీసేయండి. ఆఫ్‌రోడ్‌కి అది చాలా పెద్దది. కొండ మీద క్యాంపులో ఛార్జింగ్ దొరికింది, రాత్రంతా పెట్టి 100 చేశారు, పొద్దున్నే దిగుతున్నారు అనుకోండి. దిగేటప్పుడు మోటార్ బండిని పట్టి ఉంచుతూ కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. నిండిన బ్యాటరీ ఇంక కరెంటు తీసుకోదు. తీసుకోకపోతే మోటార్ బ్రేక్‌లా పనిచేయలేదు. 2,300 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే లెక్క ప్రకారం 3 యూనిట్ల పైచిలుకు శక్తి ఎక్కడికో పోవాలి. సగం తిరిగొచ్చినా మీ బ్యాటరీలో దాదాపు పదో వంతు. దానికి చోటు లేకపోతే అదంతా బ్రేక్ డిస్కుల్లో వేడిగా పోతుంది. కొండ మీద ఛార్జ్ చేసేవాడు కాస్త ఖాళీ ఉంచుకోవాలి. ఛార్జింగ్ ఎన్ని గంటలకి మొదలవ్వాలో పెట్టుకునే వీలు ఇచ్చి, ఎంత శాతం దగ్గర ఆగాలో పెట్టుకునే వీలు ఇవ్వకపోవడం నాకు అర్థం కాని విషయం.

మట్టిదారి గారూ, ఆ ఊఁ శబ్దం కంపెనీ చేతిలో లేదండి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన ప్రకారం 20 కిలోమీటర్ల వేగం దాకా అది ఉండి తీరాలి. 2016లో నిబంధన వచ్చిన కొత్తలో ఆపుకునే స్విచ్‌కి అవకాశం ఉండేది. చూపులేనివాళ్లకి ప్రమాదమని తర్వాతి సవరణలో ఆ వెసులుబాటు తీసేశారు. పక్షులు అలవాటు పడాల్సిందే.

స్టెప్నీ:

నేను లేటుగా వచ్చా. ఎవరూ పెట్రోల్ ట్యాంక్ సంగతి ఎత్తలేదేంటి?

వేరే బండి నాది, కానీ జాతి అదే. మా ట్యాంక్ సీల్ చేసి ఉంటుంది. ఇంజన్ రోజుల తరబడి తిరగదు కాబట్టి పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా లోపలే ఒత్తిడిలో బంధిస్తారు. పెట్రోల్ కొట్టించాలంటే ముందు లోపల బటన్ నొక్కాలి, ఒత్తిడి దిగాలి, అప్పుడు మూత తెరుచుకుంటుంది. మామూలుగా కొన్ని సెకన్లే. ఎండలో, ఎత్తు మీద, వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటే మాత్రం ఆ సెకన్లు చాలా పెద్దవి. స్క్రీన్ మీద "దయచేసి వేచి ఉండండి" అని వస్తుంది. ఎంతసేపు? చెప్పదు. నాకు కావలసింది ఒక్క అంకె.

దీనికి తోడు పాత పెట్రోల్ వ్యవహారం. నేను వారమంతా కరెంటు మీదే తిరుగుతా. పెట్రోల్ నెలల తరబడి ట్యాంక్‌లో పడి ఉంటే పాడవుతుందని, ఇంజన్ ఆయిల్‌లో కలిసిన తేమ, పెట్రోల్ ఆవిరైపోవాలని బండి అప్పుడప్పుడు బలవంతంగా ఇంజన్ నడుపుతుంది. మంచి పనే. కానీ ముహూర్తం అదే పెడుతుంది. రెండు నెలలు ఎదురుచూసి తెల్లవారుజామున నీటిగుంట దగ్గరికి కరెంటు మీద మెల్లగా వెళ్తుంటే, సరిగ్గా ఆ పూటే "రిఫ్రెష్ మోడ్" అని ఇంజన్ గుర్రుమంది. జింకలు తలెత్తి చూశాయి. తర్వాత చూడటానికి ఏమీ మిగల్లేదు. ఇంకో పది రోజుల్లో రిఫ్రెష్ చేయాలి, ఎప్పుడు చేయమంటావు అని ముందుగా అడిగితే, ఆ ముందు ఆదివారం హైవే మీద నేనే తిప్పేసేవాణ్ణి.

సాకెట్ గురించి రెండు ముక్కలు. మిత్సుబిషి అవుట్‌లాండర్ ప్లగ్-ఇన్ 2013లో వచ్చినప్పుడే 1,500 వాట్ల సాకెట్ ఇచ్చింది. 2021 ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్‌లో 7.2 కిలోవాట్ల దాకా ఉంది, అది ప్లగ్ పెట్టే బండి కూడా కాదు. మనకి 17 యూనిట్లు ఇచ్చి, ల్యాప్‌టాప్‌కి మించి ఏదీ నడవని సాకెట్ పెట్టడం ఏం న్యాయం? లీటరు నీళ్లు మరగబెట్టడానికి ఒక యూనిట్‌లో పదో వంతు సరిపోతుంది. బండిలో ఉన్నది సముద్రం, గరిటె ఇవ్వలేదు.

బ్యాటరీతో నడిచే ఎయిర్ కంప్రెసర్ కూడా బండిలోనే ఉంటే బాగుంటుంది. 18కి దించిన నాలుగు టైర్లని మళ్లీ 36కి తేవడానికి నా చిన్న కంప్రెసర్‌కి ముప్పావుగంట పడుతుంది, మధ్యలో అది రెండుసార్లు అలుగుతుంది.

నాలుగుచక్రాలు:

వోల్టేజ్ గారూ, పట్టేశారు. అవును, యాక్సిలరేటర్ మీదే నిలబెట్టాను. వాడు రాళ్లు సర్దుతున్నంతసేపూ, ఒకటిన్నర నిమిషం ఉంటుందేమో. బ్రేక్ మీదికి కాలు మారిస్తే ఆ మధ్యలో వెనక్కి జారుతుందని భయం. పెడల్‌తో అంత సన్నగా ఆపగలుగుతున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉంది, ఒప్పుకుంటా. తప్పు నాదే అన్నమాట.

అయినా ఒకటి అడుగుతా. నేను చేస్తున్నది తప్పని బండికి ఒకటిన్నర నిమిషం ముందు నుంచే తెలుసు కదా. వేడి పెరుగుతోంది, బ్రేక్ తొక్కు అని ఒక్క బీప్ కొట్టి ఉంటే సరిపోయేది. సీట్ బెల్ట్‌కి గంట కొట్టే బండి దీనికి నోరు విప్పదా? మీరన్నట్టు మొదటి కోరికని మార్చేశా. ఇప్పుడు ఇలా ఉంది: "లో రేంజ్‌లో ఇన్వర్టర్, మోటార్, గేర్‌బాక్స్, బ్యాటరీ వేడి స్క్రీన్ మీద చూపించండి. మోటార్‌ని ఆపి ఇంజన్‌ని లేపే ముందు శబ్దంతో చెప్పండి, ఎందుకు లేపుతున్నారో రాయండి."

80 శాతం సంగతి కూడా నేను బ్యాటరీ ఆయుష్షు కోసమే అడిగాను. దిగేటప్పుడు బ్రేక్ పోతుందన్నది తట్టలేదు. ఒకసారి నిండు ఛార్జ్‌తో దిగుతూ, మాక్స్ రీజెన్ బటన్ (మోటార్ బ్రేక్‌ని గరిష్ఠంగా పెంచేది) పనిచేయడం లేదని రెండు మూడుసార్లు నొక్కి, స్విచ్ పాడైందని సర్వీస్‌లో కంప్లైంట్ రాయించిన ఘనుణ్ణి నేను. వాళ్లు కూడా చూసి "అంతా బాగానే ఉంది" అని పంపించారు, కారణం చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది.

పాతడీజిల్ అన్నా, మీరు పదహారేళ్లలో ఒక్క కోరికా కోరలేదంటే నేను నమ్మను.

పాతడీజిల్:

ఒకటుంది. ఏసీ పనిచేయాలి.

వోల్టేజ్_వీర:

నాలుగుచక్రాలు గారూ, నిండు ఛార్జ్‌తో దిగాల్సి వస్తే ఎలక్ట్రిక్ మోడ్‌లో ఉంచకండి. ఆ మోడ్‌లో ఇంజన్ చక్రాలకి కలిసే ఉండదు కాబట్టి ఇంజన్ బ్రేకింగ్ కూడా రాదు. "దాచు" మోడ్‌లో పెట్టి, లో రేంజ్‌లో గేర్ మీరే ఒకటిలో పట్టుకోండి. మా తమ్ముడి బండిలో అలా చేస్తే ఇంజన్ కలిసి దిగుడంతా పట్టి ఉంచుతుంది. మీ బండిలో ఎలా ఉందో ముందు చిన్న దిగుడు మీద చూసుకోండి, పెద్ద కొండ మీద ప్రయోగాలొద్దు.

స్టెప్నీ గారి కంప్రెసర్ కోరిక మంచిదే కానీ ఫారంలో గడి వృథా. సాకెట్ అడగండి చాలు. సరైన సాకెట్ ఉంటే మంచి కంప్రెసర్ మనమే కొనుక్కుని తగిలించుకోవచ్చు, ఫ్రిజ్ కూడా దానికే పెట్టుకోవచ్చు, 12 వోల్ట్ గోల సగం తగ్గుతుంది. ఒక గడిలో మూడు పనులు.

ఫాస్ట్ ఛార్జింగ్ ఎవరూ అడగలేదని గమనించా. ల్యాండ్ రోవర్ డిఫెండర్ ప్లగ్-ఇన్‌లో ఉంది, 19.2 యూనిట్ల బ్యాటరీ అరగంటలో 80 శాతం. నన్నడిగితే మనకి అక్కర్లేదు. మనం వెళ్లే చోట ఫాస్ట్ ఛార్జర్ ఎవడు పెడతాడు? దాని ఖర్చు, బరువు ఆ సాకెట్ మీద పెట్టమనండి.

మట్టిదారి:

నేను ఒప్పుకోను. కొండ కింద హైవే పక్కన ఉన్నా చాలు కదా. అరగంట కూర్చుంటే పైకంతా కరెంటు మీదే వెళ్లొచ్చు, ఇంజన్‌తో నింపుకునే బాధ ఉండదు. మీకు అక్కర్లేదని అందరికీ అక్కర్లేదనకండి.

శబ్దం గురించి చెప్పినందుకు థ్యాంక్స్. చూపులేనివాళ్ల సంగతి నాకు తట్టలేదు. ఆ కోరిక వెనక్కి తీసుకుంటున్నా. దాని బదులు నా గడిలో పోర్ట్ మూత పెద్ద అక్షరాలతో రాయండి.

నాలుగుచక్రాలు:

ఫారం ఇందాకే పంపేశా. వేడి గీతలు, ముందు హెచ్చరిక మొదటిది. 12 వోల్ట్ బ్యాటరీ తనే నిండటం రెండోది. మూడో గడిలో శాతాలు రెండూ కలిపి కొట్టేశా: ఎక్కడ దాచాలి, ఎక్కడ ఛార్జ్ ఆపాలి. ఒకే వాక్యంలో ఇరికించా, వాళ్లు ఒకటిగానే లెక్కేస్తారని ఆశ. నాలుగోది 1,500 వాట్లకి తగ్గని సాకెట్. ఐదో గడి కోసం స్టెప్నీ గారి రిఫ్రెష్, మట్టిదారి గారి మూత పోటీపడ్డాయి. బయటికెళ్లి నా పోర్ట్ మూత తీసి చూశాను. అడుగున వేలి గోరంత మందాన ఎర్రమట్టి గట్టిపడి ఉంది. మూతే రాశా. స్టెప్నీ గారూ క్షమించాలి, జింకలకి కూడా చెప్పండి. ఫాస్ట్ ఛార్జింగ్ మీద మీరిద్దరూ తేల్చుకునే లోపు గడులు అయిపోయాయి.

మట్టిదారి:

మంచిపని చేశారు. బ్రష్ పొడిది వాడండి, తడిది వద్దు. ఇంతకీ జంపర్ కేబుల్స్ ఇంకా డిక్కీలోనే ఉన్నాయా?

నాలుగుచక్రాలు:

లేవండీ, డ్రైవర్ సీటు కిందికి మార్చా. కంప్రెసర్ మాత్రం అక్కడ పట్టలేదు, డిక్కీలోనే ఉంది.